సూది ఒకరికి, సంతకం ఒకరిది

ఏర్పేడు రైల్వే స్టేషన్ గూడూరు–కాట్పాడి లైను మీద, శ్రీకాళహస్తికీ రేణిగుంటకీ నడుమ ఉంటుంది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా పెద్ద జబ్బని తేలితే ఒకప్పుడు దారులు రెండే. తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడిలో దిగి రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోవడం ఒకటి. రేణిగుంటలో బండి మారి పుత్తూరు, అరక్కోణం మీదుగా మద్రాసు చేరి, అడయారు క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో చాప పరుచుకోవడం రెండోది. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వచ్చాక కొంత భారం తగ్గింది. అలిపిరి దగ్గర తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు తలపెట్టిన క్యాన్సర్ ఆసుపత్రికి 2018 ఆగస్టు 31న శంకుస్థాపన జరిగింది. 2022 మే 5న దాన్ని ప్రారంభించారు. అంతకు ముందు కనీసం రెండు తరాల వాళ్ళు రైలెక్కి పరాయి ఊళ్ళో వైద్యం చేయించుకున్నారు.

అలా పోయినవాళ్ళలో పలక పట్టిన పిల్లలున్నారు, ఇంటర్ చదివే కుర్రాళ్ళున్నారు, పెళ్ళి కుదిరిన ఆడపిల్లలున్నారు. ఆ పెద్దాసుపత్రుల్లో ఎక్కించే మందుల్లో కొన్ని అప్పటికింకా పరీక్షలో ఉన్నవి. కొన్నిసార్లు మందు పాతదే, దాన్ని ఇచ్చే పద్ధతి పరీక్షలో ఉండేది. క్లినికల్ ట్రయల్ అంటే ఈ రెండూ. ఇలాంటి ట్రయల్ లో చేరిన కుర్ర రోగికి ఆ సంగతి ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు, అసలు చెప్పారా అన్నది వైద్య చరిత్రలో ఎవరూ పెద్దగా రాయని అధ్యాయం. ఆ అధ్యాయం మొదట్లోనే ఒక తెలుగువాడు కనిపిస్తాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ప్రొఫెసరుకి కంటగింపైనందుకు ఎంబీబీఎస్ దక్కలేదు, ఒక మెట్టు కిందిదైన ఎల్ఎంఎస్ తో సరిపెట్టుకున్నాడు. అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకి మందు కనుక్కోవాలన్న పట్టుదల అతన్ని బోస్టన్ చేర్చింది. హార్వర్డ్ లో పదిహేనేళ్ళకు పైగా పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ అతని బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్ ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకి, స్ప్రూకి అది పనికొచ్చే విటమిన్.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఉండేవాడు. రక్తం పెరగడానికి పనికొచ్చేది బ్లడ్ క్యాన్సర్ కి కూడా పనికొస్తుందేమో అని ఫోలిక్ యాసిడ్ కుటుంబానికి చెందిన మందుల్ని లుకేమియా పిల్లలకి ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా ఎగదోసింది. ఈ కథ చెప్పేవాళ్ళు ఈ చోట తొందరగా దాటేసి విజయం దగ్గరికి పరుగెడతారు. కాసేపు ఆగాల్సింది ఇక్కడే. మందు మేలు చేస్తుందని నమ్మి ఇచ్చారు, కీడు చేసింది. ఇప్పటి ట్రయల్ కాగితాల్లో రాసే హెచ్చరికలన్నీ ఇలాంటి రోజుల నుంచి పుట్టినవే.

ఫార్బర్ ఆ దెబ్బ నుంచి తెలివైన పాఠం తీశాడు. విటమిన్ జబ్బుని పెంచితే, విటమిన్ కి ఎదురు మందు దాన్ని అణచాలి. సుబ్బారావు బృందం అలాంటి ఎదురు మందుల్ని తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ని 1947 చివర్లో పిల్లలకి ఎక్కించడం మొదలైంది. పదహారు మంది పిల్లలకి ఇస్తే పదిమందిలో జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్ లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ లో ఫార్బర్ ప్రకటించాడు. తగ్గడం కొన్ని నెలలపాటే. వ్యాసం శీర్షికలోనే తాత్కాలికం అన్న మాట పెట్టడం అతని నిజాయితీ. అప్పటిదాకా లుకేమియా వచ్చిన పిల్లకి మందంటూ లేదు కాబట్టి ఆ కొన్ని నెలలే లోకాన్ని కదిలించాయి. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలో చనిపోయాడు. అమినోప్టెరిన్ కి తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ప్రతి దేశంలోనూ లుకేమియా పిల్లల మందుల చీటీలో ఉంది.

అమినోప్టెరిన్ మొదలైన ఆ 1947లోనే, ఆగస్టులో, జర్మనీలోని న్యూరెంబర్గ్ లో నాజీ డాక్టర్ల కేసు తీర్పు వచ్చింది. మనిషి మీద ప్రయోగం చేయాలంటే ఆ మనిషి ఇష్టపూర్వకంగా ఒప్పుకుని తీరాలని ఆ తీర్పు మొదటి సూత్రంగా పెట్టింది. ఒప్పుకునే వ్యక్తికి చట్టం దృష్టిలో ఆ అర్హత ఉండాలని కూడా చెప్పింది. ఆ మాటతో పిల్లలు ఆ సూత్రం బయట పడిపోయారు. పిల్లవాడికి ఆ అర్హత లేదు. అతనికి జబ్బు ఉంది, మందు కావాలి, ప్రయోగం తప్పదు. మరి అతన్ని ఏమడగాలి? ఈ ప్రశ్నకి జవాబు రావడానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ ముప్పై ఏళ్ళ తీరు ఎలాంటిదో చెప్పడానికి ఒక్క రేడియో కార్యక్రమం చాలు. 1948 మే 22 రాత్రి అమెరికా అంతటా వినిపించిన కార్యక్రమంలో ఫార్బర్ దగ్గర చికిత్స పొందుతున్న పన్నెండేళ్ళ కుర్రాణ్ణి జిమ్మీ అనే మారు పేరుతో మాట్లాడించారు. అతనికిష్టమైన బేస్ బాల్ ఆటగాళ్ళు మంచం చుట్టూ చేరారు. కుర్రాడికి వినిపించకుండా చేసి, అతనికి క్యాన్సర్ ఉందని, ఆ సంగతి అతనికి తెలియదని వ్యాఖ్యాత శ్రోతలకి చెప్పాడు. విరాళాలు రెండు లక్షల డాలర్లు దాటాయి. దేశం మొత్తానికి తెలిసిన జబ్బు పేరు, జబ్బున్న కుర్రాడికి మాత్రం తెలియదు! అందులో దుర్మార్గం ఏమీ లేదు, అప్పటికి అదే మర్యాద. జిమ్మీ బతికాడు, ముసలివాడయ్యాడు. యాభై ఏళ్ళ తర్వాత, 1998లో, నేనే ఆ జిమ్మీని అని బయటికొచ్చాడు.

పెద్దవాళ్ళ విషయమూ అంతే. 1961లో షికాగోలో 219 మంది డాక్టర్లని అడిగితే వాళ్ళలో నూటికి తొంభైమంది క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. 1979లో మరో చోట అదే ప్రశ్న వేస్తే నూటికి 97 మంది చెబుతామన్నారు. ఒక వృత్తి ఇంత తక్కువ కాలంలో ఇంత పూర్తిగా మాట మార్చుకోవడం అరుదు.

పిల్లల విషయంలో కళ్ళు తెరిపించింది డాక్టరు కాదు, మానవశాస్త్రం చదివిన మైరా బ్లూబాండ్-లాంగ్నర్. ఆమె లుకేమియా పిల్లల వార్డులో నెలల తరబడి కూర్చుని రాసిన పుస్తకం 1978లో వచ్చింది. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వయసు పిల్లలకి ఎవరూ ఏమీ చెప్పకపోయినా అన్నీ తెలుసని ఆమె చూపించింది. పక్క మంచం పిల్ల మళ్ళీ రాకపోవడం, అమ్మ బయటికి పోయి కళ్ళు తుడుచుకుని రావడం, మందు పేరు మారడం, వీటన్నిటి నుంచీ కూడబలుక్కుని తెలుసుకుంటారు. తెలిసినట్టు తెలిస్తే అమ్మానాన్నా తట్టుకోలేరని తెలియనట్టు నటిస్తారు. అమ్మానాన్నా కూడా నటిస్తారు. అమెరికా ఆసుపత్రి గురించి రాసిన ఆ మాటలు చిత్తూరు జిల్లాలో ఏ ఇంటి గురించి రాసినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. "పాపకి చెప్పొద్దండి సార్, రక్తం తక్కువుందని చెప్పాం" అని డాక్టరు చెవిలో ఊదే మేనమామ మన దగ్గర ప్రతి ఇంటికీ ఉంటాడు.

అమెరికాలో ఒక జాతీయ కమిషన్ 1977లో మధ్యేమార్గం చెప్పింది. అనుమతి తల్లిదండ్రులు ఇవ్వాలి, దానితోపాటు ఏడేళ్ళు దాటిన పిల్లల సమ్మతి కూడా విడిగా అడగాలి. పిల్లల సమ్మతి అడగాలన్నది 1983లో అక్కడ నియమంగా మారింది. న్యూరెంబర్గ్ వదిలేసిన ఖాళీని అలా పూడ్చారు.

ఇక అడయారు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో 1954లో మొదలైన ఆ ఆసుపత్రిలో కృష్ణమూర్తి, శాంత అనే ఇద్దరు డాక్టర్లు దాదాపు జీవితాంతం పనిచేశారు. క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ప్రత్యేక విభాగం అక్కడ 1960లోనే వెలిసింది, దేశంలో అంతకు ముందు లేదు. అయినా 1980ల తొలి ఏళ్ళ దాకా మన దేశంలో లుకేమియా వచ్చిన ఐదుగురు పిల్లల్లో ఒకరు నిలబడితే గొప్ప. అమెరికాలో అప్పటికే సగానికి పైగా బతుకుతున్నారు.

1984లో అడయారు, బొంబాయి టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి, అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకి చెందిన ఇయన్ మాగ్రత్ తోడ్పాటుతో ఒకే చికిత్స పద్ధతిని మొదలుపెట్టాయి. దాని పేరు ఎంసీపీ–841. మూడు ఊళ్ళలోనూ అవే మందులు, అదే వరస, అవే లెక్కలు. అందులో సుబ్బారావు మందుల వంశానికి చెందిన మెథోట్రెక్సేట్ ఉంది. రాయలసీమ ఎండకి కూడా చావకుండా ప్రతి ఇంటి ముందూ పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్ క్రిస్టిన్ ఉంది. తలకి కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్ ఇవ్వడం, ఉంది. ఇదంతా రెండేళ్ళకు పైగా సాగే వైద్యం. ఇరవై అయిదేళ్ళ లోపు వయసున్న 1,048 మంది ఫలితాలు తర్వాత ప్రకటించారు. జబ్బు తిరగబెట్టకుండా నాలుగేళ్ళు దాటినవాళ్ళ లెక్క ఆసుపత్రిని బట్టి మారినా, దాదాపు సగం మంది దాకా ఉన్నారు.

ఐదుగురిలో ఒకరి నుంచి సగం మంది దాకా. ట్రయల్ అంటే ఎలుకలకి బదులు పిల్లల్ని పెట్టడమని అనుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. కొత్త మందు కనిపెట్టి సాధించింది కాదిది. ఉన్న మందుల్నే ఒక పద్ధతి ప్రకారం, లెక్క రాసుకుంటూ, ఎవరికి ఏమైందో మరిచిపోకుండా వాడి సాధించింది. ఆ వెయ్యి నలభై ఎనిమిది మందిలో పదిహేను నుంచి ఇరవై అయిదేళ్ళ వాళ్ళు కూడా ఉన్నారన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి. దానికి కారణం కాసేపట్లో తెలుస్తుంది.

రాయవేలూరు దారిలో జరిగింది ఇంకో రకం కథ. ఎక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ ఎక్కువగా వయసులో ఉన్నవాళ్ళకి వస్తుంది, వచ్చిన కొద్ది రోజుల్లోనే రక్తస్రావంతో ప్రాణం తీస్తుంది. పడమటి దేశాల్లో దీనికి ఖరీదైన మందులు కలిపి ఇచ్చేవారు. సీఎంసీలో మామెన్ చాండీ, విక్రమ్ మాథ్యూస్ బృందం 1998 నుంచి ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ ని, అంటే శుద్ధిచేసిన పాషాణాన్ని, ఒంటరి మందుగా ఇచ్చి చూసింది. 2004 దాకా చేరిన 72 మంది ఫలితాలు 2006లో వచ్చాయి. నూటికి 86 మందిలో జబ్బు పూర్తిగా అణిగింది, మూడేళ్ళ తర్వాత కూడా నూటికి 86 మంది బతికే ఉన్నారని అంచనా కట్టారు. చవక మందుతో ఇంత ఫలితం చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాచి మెచ్చుకోవడం సరికాదు. ఖరీదైన మందు కొనగలిగినవాడికి "ఇదా, అదా" అని అడగొచ్చు. కొనలేనివాడిని అడిగితే అతను ఏమంటాడు? "మీరెట్ల చెప్తే అట్లే సామీ" అంటాడు. ఆ మాటకి సమ్మతి అని పేరు పెట్టడం చట్టానికి సరిపోవచ్చు. ఎంపిక చేసుకునేందుకు రెండోది లేనప్పుడు ఇచ్చిన సమ్మతి ఎంత బరువుంటుందో మాట్లాడే డాక్టరుకి తెలియాలి. 2007లో పేదలకి ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక తెలుగు జిల్లాల్లో ఈ చిక్కు కొంత సడలింది. ట్రయల్ లో చేరకపోయినా మామూలు వైద్యం అందుతుందని చెప్పగలిగితేనే కాదనే స్వేచ్ఛ నిజమవుతుంది. ఆ రకంగా చూస్తే ట్రయల్ నీతికి ఆరోగ్యశ్రీ చేసిన మేలు చాలా నీతి కమిటీలు చేయలేదు.

తెలుగునేల మీద కుర్రవయసు, క్యాన్సర్, సమ్మతి అన్న మూడూ కలిసి రచ్చకెక్కింది మాత్రం ఖమ్మంలో.

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్ పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. దాదాపు 14 వేలమంది పిల్లలు. గుజరాత్ లోని వడోదరలో వేరే కంపెనీ టీకాతో ఇలాంటిదే ఇంకొకటి నడిచింది. ఖమ్మంలో టీకా వేయించుకున్న పిల్లల్లో నలుగురు చనిపోయారని బయటపడి గొడవ రేగింది. 2010 ఏప్రిల్ లో కేంద్రం రెండు చోట్లా ఆపించింది. ఆ చావులకీ టీకాకీ సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ తేల్చింది. టీకా మీద ఆ తర్వాత ప్రపంచమంతటా వచ్చిన అనుభవం కూడా దాని పక్షానే ఉంది.

అయితే కమిటీ కాగితాల కట్టలు విప్పేసరికి వేరే సంగతి కనిపించింది. ఆంధ్రప్రదేశ్ కి సంబంధించి చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లో, హెడ్మాస్టర్లో సంతకం పెట్టారు. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లలు. అమ్మానాన్న ఊళ్ళో ఉన్నారు, పిల్ల హాస్టల్లో ఉంది, సంతకం వార్డెన్ ది. వేలిముద్ర పడినచోట చదివి వినిపించినట్టు ఒక సాక్షి ఉండాలన్న నియమం కూడా సరిగా పాటించలేదు.

ఇది ట్రయల్ కాదు, టీకా వేసి చూసే ప్రాజెక్టు మాత్రమేనని నిర్వాహకులు వాదించారు. 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదిక ఆ వాదనని కొట్టిపారేసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కల్పనా మెహతా కేసు ఇదే. అందులో పార్లమెంటు నివేదికని కోర్టు ఎంతవరకు పరిగణించొచ్చో రాజ్యాంగ ధర్మాసనం 2018 మేలో తీర్పు చెప్పింది. మన దేశపు ఔషధ నియమాల్లోని షెడ్యూల్ వై 2005లో సవరించినప్పుడే, విషయం అర్థం చేసుకునే వయసొచ్చిన పిల్లలు వేరే సమ్మతి పత్రం మీద తామే సంతకం పెట్టాలని రాసి ఉంది. ఖమ్మం నాటికి ఆ నియమం వయసు నాలుగేళ్ళు. గొడవంతా పెద్దల సంతకం చుట్టూ తిరిగింది. పద్నాలుగేళ్ళ పిల్లని కూర్చోబెట్టి ఈ సూది ఎందుకో చెప్పారా అన్న ప్రశ్న చర్చలో వెనకబడిపోయింది.

ఇందువల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. ఆ టీకా మన దేశంలో ఏళ్ళ తరబడి అనుమానం కింద నలిగింది. 2022లో పుణె సీరం సంస్థ తయారుచేసిన సొంత టీకాకి అనుమతి వచ్చేదాకా ప్రభుత్వాలు ఆచితూచి నడిచాయి. సరిగ్గా అడిగి ఉంటే చాలామంది తల్లులు ఒప్పుకునేవాళ్ళే. అడగకపోవడం వల్ల మంచి మందు కూడా చెడ్డపేరు మోసింది.

2011లో పల్నాడులోని పిడుగురాళ్ళ నుంచి పేద ఆడవాళ్ళని డబ్బాశ చూపి హైదరాబాదు తీసుకెళ్ళి మందుల పరీక్షల్లో పెట్టారన్న వార్త ఇంకో దుమారం లేపింది. ఆ తర్వాత నియమాలు బిగిశాయి. 2013లో సుప్రీంకోర్టు జోక్యంతో ట్రయల్ లో చేరేవాళ్ళ సమ్మతిని వీడియో తీయమన్నారు. 2015లో ఆ నిబంధనని బలహీన వర్గాల వారికి, అదీ సరికొత్త మందుల విషయంలో, పరిమితం చేశారు. గాయపడితే పరిహారం ఎవరు, ఎలా ఇవ్వాలో రాశారు. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. నడుమ కొన్నాళ్ళు ట్రయల్స్ బాగా తగ్గాయి, అమెరికా ఆరోగ్య సంస్థ కూడా ఇక్కడి కొన్ని ట్రయల్స్ ని ఆపుకుంది. తప్పు చేసినవాళ్ళని కట్టడి చేసే నియమం మంచి పరిశోధకుడి చేతులు కూడా కాసేపు కట్టేసిందని క్యాన్సర్ డాక్టర్లు వాపోయారు. వాళ్ళ మాటలో నిజం ఉంది. ఆ నియమం రావడానికి కారణమూ నిజమే.

పిల్లల గురించి స్పష్టంగా మాట్లాడినవి భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు. ఏడు నుంచి పన్నెండేళ్ళ దాకా నోటిమాటగా సమ్మతి అడిగి, అడిగినట్టు రాసుకోవాలి. పన్నెండు దాటిన నాటి నుంచి పద్దెనిమిది దాకా వాళ్ళకి అర్థమయ్యే భాషలో రాసిన పత్రం మీద వాళ్ళ సంతకమే తీసుకోవాలి. ట్రయల్ నడుస్తుండగా పద్దెనిమిది నిండితే మళ్ళీ మొదటి నుంచి చెప్పి, ఈసారి పెద్దవాడిగా అనుమతి అడగాలి.

పత్రం వచ్చింది, మాట ఇంకా రాలేదు. పదహారు, పదిహేడేళ్ళ వయసు దగ్గర ఈ లోటు బాగా కనబడుతుంది. ఆ వయసు కుర్రాడికి లుకేమియా వస్తే పిల్లల వార్డుకి పంపాలా, పెద్దల వార్డుకా? అమెరికాలో పదహారు నుంచి ఇరవై ఏళ్ళ వాళ్ళ లెక్కలు తిరగేసి 2008లో ఒక పోలిక ప్రకటించారు. పిల్లల పద్ధతిలో వైద్యం పొందినవాళ్ళు ఏడేళ్ళ తర్వాత నూటికి 67 మంది బతికి ఉంటే, పెద్దల పద్ధతిలో వైద్యం పొందినవాళ్ళు 46 మందే ఉన్నారు. అదే వయసు, అదే జబ్బు, ఏ తలుపు తట్టారన్నదే తేడా. ఫ్రాన్స్ లోనూ అంతకు ముందే ఇలాంటి తేడా కనిపించింది. ఈ వయసువాళ్ళు ట్రయల్స్ లో తక్కువగా చేరడం వల్ల వాళ్ళకి ఏది మేలో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఇరవై అయిదేళ్ళ దాకా చేర్చుకున్న అడయారు, బొంబాయి, ఢిల్లీ డాక్టర్ల పని ఇందుకే గొప్పది.

ఏర్పేడు మండలం ఇప్పుడు సరిగ్గా ఈ వయసువాళ్ళ ఊరు. 1926లో మలయాళస్వామి ఇక్కడ వ్యాసాశ్రమం పెట్టి, కులం చూడకుండా ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ సంస్కృతం, వేదాంతం నేర్పించాడు. ఆ చదువు మీకు తగదన్న పెద్దలతో జీవితాంతం వాదించాడు. అదే మండలంలో ఇప్పుడు ఐఐటీ, ఐసర్ ల ప్రాంగణాలున్నాయి, దేశం నలుమూలల నుంచి వచ్చిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు కణాల గురించి, జన్యువుల గురించి చదువుతున్నారు. రోడ్డుకి అవతల పల్లెలో వాళ్ళ ఈడు కుర్రాడికి జబ్బు చేస్తే, అతని ఒంట్లో కణం ఏం చేస్తోందో అతనికి చెప్పొద్దని ఇంట్లోవాళ్ళు బతిమాలతారు.

చెప్పడం మొదలుపెడితే ఎక్కడ తడబడతారో కూడా తెలిసిన సంగతే. అన్నిటికన్నా కష్టం, ఎవరికి ఏ వైద్యం అన్నది కంప్యూటరు తేలుస్తుందని చెప్పడం. "అంటే డాక్టరుకి తెలియదా?" అని ఏ తండ్రైనా బిత్తరపోతాడు. తిరుపతి చుట్టుపక్కల దీన్ని చెప్పడానికి ఒక సులువుంది. తిరుమలలో కొన్ని ఆర్జిత సేవల టికెట్లకి దేవస్థానం ఎలక్ట్రానిక్ డిప్ తీస్తుంది, ఎవరి సిఫారసూ పనిచేయదు. ట్రయల్ లో కూడా అలాగే తీస్తారంటే వెంటనే అర్థమవుతుంది. అయితే ఈ పోలిక సగం దూరమే నడుస్తుంది. డిప్ లో పేరు వచ్చినవాడు అదృష్టవంతుడు, రానివాడు నష్టపోయాడు. ట్రయల్ లో పాత, కొత్త వైద్యాల్లో ఏది మేలో ఎవరికీ తెలియదు, తెలిస్తే డిప్ తీయడమే తప్పు. కొత్తది కాబట్టి మంచిదనుకుని, పాత వైద్యం వచ్చినందుకు ఏడ్చే తల్లులుంటారు. ఫార్బర్ ఇచ్చిన మొదటి మందు జబ్బుని ఎగదోసిన సంగతి వాళ్ళకి చెప్పాలి.

ఇంకొకటి, మొదటి దశ ట్రయల్. దాని ఉద్దేశం మందు ఎంత మోతాదు దాకా ఒంటికి పడుతుందో చూడటం, జబ్బు నయం చేయడం కాదు. మిగతా వైద్యాలన్నీ అయిపోయిన కుర్రాడి ముందు దాన్ని పెట్టేటప్పుడు ఆశ అమ్మకూడదు. అతను ఒప్పుకోవచ్చు, తన తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుందని కూడా ఒప్పుకోవచ్చు. ఆ పెద్దమనసు చూపే అవకాశం అతనికి దక్కాలంటే నిజం చెప్పి ఉండాలి.

పదిహేడేళ్ళవాడి ప్రశ్నలు తండ్రి ప్రశ్నలు కావు. తండ్రి ఖర్చెంత, బతుకుతాడా అని అడుగుతాడు. కొడుకు ఇంటర్ పరీక్షలు రాయొచ్చా, జుట్టు ఎప్పుడొస్తుంది, ఫ్రెండ్స్ కి ఏం చెప్పాలి, నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చా అని అడగాలనుకుంటాడు. ఈ మందుల వల్ల రేపు పిల్లలు పుట్టరా అన్న ప్రశ్న అమ్మ పక్కన ఉండగా నోరు దాటదు. కొన్ని కీమో మందులు ఆ శక్తిని దెబ్బతీస్తాయి కాబట్టి, కుర్రాళ్ళయితే వీర్యాన్ని ముందే భద్రపరుచుకునే వీలుంది కాబట్టి, చికిత్స మొదలయ్యాక చెబితే ఆలస్యమైనట్టే. ఆడపిల్ల అయితే పెళ్ళి సంబంధాల భయంతో ఈ మాట ఇంకా లోపలికి పోతుంది. ఒంటరిగా మాట్లాడే పది నిమిషాలు ఇక్కడ ఏ పరీక్షకన్నా ముఖ్యం.

అలిపిరి ఆసుపత్రి పూర్తి పేరులో వైద్యంతోపాటు పరిశోధన కూడా ఉంది. లుకేమియా పిల్లల కోసం దేశంలోని పెద్ద ఆసుపత్రులు కలిసి 2016 నుంచి ఐసికిల్ అనే పేరుతో కొత్త ట్రయల్ నడిపాయి, అందులో చెన్నై కూడా ఉంది. ఇలాంటివి రేపు తిరుపతికి వస్తాయి, రావాలి కూడా. అప్పుడు ఏర్పేడు, రాచగున్నేరి, వెంకటగిరి వైపు ఇళ్ళకి ఈ కాగితాలు చేరతాయి. చేరినప్పుడు కంగారు పడొద్దు, అక్కడికక్కడే సంతకం పెట్టొద్దు. తెలుగులో రాసిన ప్రతి అడిగి ఇంటికి తెచ్చుకోండి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్ నీ మొదలయ్యే ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, సీటీఆర్ఐ అనే ఆ నంబరు అడగండి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ట్రయల్ కి కాదన్నా మామూలు వైద్యం ఆగదని డాక్టరు నోట వినండి. మీ బిడ్డకి పన్నెండు దాటి ఉంటే ఆ కాగితం ముందు బిడ్డ చేతికివ్వండి, డాక్టరుతో తనని కాసేపు విడిగా మాట్లాడనివ్వమని మీరే అడగండి.